పాత వాక్యూమ్ క్లీనర్లు: రూపంలోనూ నాణ్యతలోనూ ఏ కాలపు యంత్రాలు మేటి?

పాతమోటారు | టపా 1

పాత వాక్యూమ్ క్లీనర్లను సేకరించేవాళ్లం మాటల్లో పడినప్పుడల్లా రెండు వేరువేరు విషయాలను ఒకటిగా కలిపేస్తూ ఉంటాం. యంత్రం పైరూపం ఒకటి, దాని లోపలి పనితనం మరొకటి. చూడముచ్చటగా ఉన్నదల్లా గట్టిదనీ, బరువుగా ఉన్నదల్లా నాణ్యమైనదనీ అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఈ రెండింటినీ విడదీసి చర్చించాలన్న ఉద్దేశంతో ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రూపమూ పనితనమూ ఒకే యంత్రంలో సమానంగా కుదిరిన సందర్భాలు చాలా తక్కువ. అలా కుదిరిన వాటిలో 1936లో వచ్చిన హూవర్ మోడల్ 150ని నేను మొదటి స్థానంలో నిలబెడతాను. దానికి రూపకల్పన చేసినవాడు హెన్రీ డ్రేఫస్. అంతకు ముందరి నిలువు యంత్రాలలో మోటారు ఒక చోట, ఫ్యాన్ గూడు ఒక చోట, దీపం మరో చోట విడివిడిగా బయటికి పొడుచుకొని కనిపించేవి. డ్రేఫస్ వాటన్నిటినీ బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఒకే కప్పు కిందికి తెచ్చాడు. దేహానికి మెగ్నీషియం మిశ్రలోహాన్ని వాడడం వల్ల బరువు తగ్గింది. సంచి నిండిందని తెలిపే సూచిక, తివాచీ మందానికి తగ్గట్టు మూతి ఎత్తును సర్దే ఏర్పాటు అందులోనే ఉన్నాయి. అంటే ఆ కప్పు అందం కోసం మాత్రమే పెట్టింది కాదు. వాడేవారి చేతికి, కంటికి ఏమి కావాలో ఆలోచించిన తరువాతే దాని ఆకారం తేలింది.

మీరు ఏ యంత్రాన్ని ఎంచుతారో, ఎందుకు ఎంచుతారో కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

నికెల్‌పూత | టపా 2

పాతమోటారు గారూ, మోడల్ 150 గొప్ప యంత్రమే. అయితే మేటి అన్న మాటకు నేను దానిని ఒప్పుకోలేను. నా దృష్టిలో ఆ గౌరవం ఎలక్ట్రోలక్స్ వారి పొడవాటి గొట్టపు యంత్రాలకు దక్కాలి, వాటిలోనూ 1937లో అమెరికాలో వచ్చిన మోడల్ 30కి. దాని రూపకర్త లరెల్ గిల్డ్.

ఆ ఆకారానికి మూలం ఇంకా వెనక ఉంది. స్వీడన్‌లో ఆక్సెల్ వెన్నెర్-గ్రెన్ సంస్థ 1921లో తెచ్చిన మోడల్ 5 నేల మీద పడుకొని ఉండే స్తూపం. కింద బద్దల్లాంటి రెండు పట్టాలు ఉంటాయి, యంత్రం వాటి మీద జారుతుంది. వాడేవారి చేతిలో గొట్టమూ మూతీ మాత్రమే ఉంటాయి, బరువంతా నేల మోస్తుంది. నిలువు యంత్రాన్ని ముందుకూ వెనక్కూ తోసే శ్రమతో పోల్చి చూస్తే ఇది మౌలికమైన మార్పు.

గిల్డ్ చేసినదల్లా ఆ స్తూపానికి ముందూ వెనకా గుండ్రని మెరుగు లోహపు ముఖాలు అమర్చి, పక్కలను నునుపైన గీతలలో సాగదీయడం. గాలిని చీల్చుకుపోయే రైలు ఇంజను ఆకారం ఇంట్లో దొర్లే యంత్రానికి ఎందుకు అని విమర్శించినవారు ఉన్నారు. గొట్టం పట్టుకొని లాగినప్పుడు కుర్చీ కాళ్లకు, గుమ్మాల అంచులకు తట్టుకోకుండా పక్కకు జారిపోవాలంటే మూలలు లేని ఆకారమే కావాలి. కనుక ఆ నునుపుదనం అలంకారం అనే వాదనకు నేను తలవంచను.

మరమ్మతుబల్ల | టపా 3

ఇద్దరి వాదనలూ చదివాను. మీరిద్దరూ పైకప్పు దగ్గరే ఆగిపోయారు. యంత్రాన్ని విప్పి బల్ల మీద పరచిన తరువాతే దాని నాణ్యత గురించి మాట్లాడే అర్హత వస్తుందని నా నమ్మకం.

వాక్యూమ్ క్లీనర్‌లో ఉండేది దాదాపు ఎప్పుడూ యూనివర్సల్ మోటారే, అంటే ఏసీ, డీసీ రెండింటి మీదా నడిచేది. చిన్న పరిమాణంలో నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరగగలదు కాబట్టి దానిని ఎంచుకున్నారు. ఆ వేగానికి చెల్లించే మూల్యం, మోటారులో తిరిగే భాగానికి విద్యుత్తు అందించే కార్బన్ బ్రష్‌ల అరుగుదల. కమ్యుటేటర్ అనే తిరిగే రాగి కట్టు మీద రాసుకుంటూ ఆ బ్రష్‌లు కొంచెం కొంచెంగా తరిగిపోతాయి. ఇది లోపం కాదు, ఆ మోటారు స్వభావమే అంత. కనుక రూపకర్త ముందున్న అసలు ప్రశ్న ఏమిటంటే, తరిగిపోయే ఆ భాగాన్ని మార్చడానికి దారి ఉంచాడా లేదా అన్నది. చాలా పాత యంత్రాలలో మోటారు గూడుకు రెండు పక్కలా మరలు తిప్పే మూతలు ఉంటాయి. మూత తీస్తే స్ప్రింగూ, దాని వెనక బ్రష్షూ బయటికి వస్తాయి. యంత్రాన్ని పూర్తిగా విప్పవలసిన పని లేదు. ఆ రెండు మూతలు పెట్టిన మనిషి ఈ యంత్రం ఎంతో కాలం వాడుకలో ఉంటుందని నమ్మి పెట్టాడు.

బేరింగ్‌ల విషయమూ అంతే. పాత యంత్రాలలో ఒక రకం లోహపు తొడుగు బేరింగ్‌లు, పక్కన నూనె పీల్చుకున్న ఫెల్టు ముక్క ఉంటాయి. ఏడాదికి కొన్ని నూనె బొట్లు వేస్తే చాలు. నూనె వేయవలసిన చోట చిన్న రంధ్రాన్ని బయటికే చూపించేవారు. బాల్ బేరింగ్ ఉన్న వాటిలో పాత గ్రీజు గట్టిపడి ఉంటే కడిగి కొత్తది పెట్టవచ్చు, లేదా అదే కొలతకు నేటికీ దొరికే బేరింగ్‌ను అమర్చవచ్చు. ఇవన్నీ చూశాక కూడా రూపం గురించి ఆలోచించాలనే కోరిక మిగిలితే, అప్పుడు మోడల్ 150 గురించీ మోడల్ 30 గురించీ మాట్లాడుకోవచ్చు.

ఇంకొక్క మాట. ఇప్పటికీ తిరుగుతున్న పాత యంత్రాలను చూసి ఆ కాలంలో తయారైనవన్నీ ఇంత గట్టివే అనుకోకూడదు. నాసిరకానివి చెత్తలో కలిసి ఎన్నో ఏళ్లయింది. మన చేతికి వచ్చినవి కాలం వడపోసిన తరువాత మిగిలినవి.

తివాచీ | టపా 4

మరమ్మతుబల్ల గారి చివరి పేరా ప్రతి సేకర్తా గుర్తుంచుకోవలసినది. దానికి నేను మరో కోణం కలుపుతాను. ఈ యంత్రం పుట్టింది దుమ్ము తీయడానికి. అది దుమ్మును ఎలా తీస్తుందన్న ప్రశ్నను పక్కన పెట్టి రూపాన్నీ లోపలి మరలనూ మెచ్చుకోవడం అసంపూర్ణం.

తివాచీ దారాల మొదట్లో దాగిన ఇసుక రేణువులు పీల్చినంత మాత్రాన కదలవు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పారిశుద్ధ్య పని చేసిన జేమ్స్ మర్రే స్పాంగ్లర్ ఈ సంగతిని మొదట్లోనే గ్రహించాడు. ఉబ్బసంతో బాధపడుతూ, ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము నుంచి తప్పించుకోవడానికి ఒక ఫ్యాన్‌ను, ఒక దిండు గలీబును, తిరిగే బ్రష్‌ను కలిపి ఆయన చేసిన యంత్రానికి 1908లో పేటెంటు వచ్చింది. ఆ పేటెంటునే హూవర్ కుటుంబం కొని, అదే ఏడాది మోడల్ ఓ పేరుతో అమ్మకానికి తెచ్చింది. పీల్చడమూ బ్రష్ చేయడమూ కలిసి జరగాలన్న సూత్రం అక్కడ ఉంది. 1926లో మోడల్ 700తో హూవర్ సంస్థ తిరిగే ఇరుసుకు లోహపు కడ్డీలు చేర్చింది. పీల్పు వల్ల తివాచీ మూతి వైపు కొద్దిగా లేస్తుంది, లేచిన దానిని కడ్డీలు చకచకా తడతాయి, వదులైన ఇసుకను గాలి ఎత్తుకుపోతుంది. ఆ పద్ధతిని ఇంతకాలం గడిచినా మౌలికంగా మించినది రాలేదని నా అభిప్రాయం.

కనుక నికెల్‌పూత గారూ, మీరు మెచ్చిన గొట్టపు యంత్రం గట్టి నేల మీద, సోఫాల మీద, పరదాల మీద మేటి. ఒత్తైన తివాచీ మీద మాత్రం తిరిగే బ్రష్ లేని మూతి పైపైన దువ్వి వదిలేస్తుంది. ఆ లోటు గుర్తించి తరువాతి కాలంలో గొట్టపు యంత్రాలకు కూడా సొంత మోటారు ఉన్న బ్రష్ మూతులను చేర్చారు.

గాలి దారి గురించి కూడా చెప్పుకోవాలి. పాత నిలువు యంత్రాలలో దుమ్ముతో కూడిన గాలి నేరుగా ఫ్యాన్ రెక్కల గుండా వెళ్లి సంచిలో పడుతుంది. దారి పొట్టిగా ఉండడం వల్ల గాలి పరిమాణం ఎక్కువ. గొట్టపు యంత్రాలలో దుమ్ము ముందే సంచిలో ఆగి, శుభ్రమైన గాలి మాత్రమే ఫ్యాన్‌ను చేరుతుంది. అక్కడ పీల్పు బలం ఎక్కువ, ప్రవాహం తక్కువ. నీటి స్తంభాన్ని ఎంత ఎత్తుకు లేపగలదన్న కొలత ఒక్కదానినే చూసి యంత్రం గొప్పతనాన్ని తేల్చేవారు ఈ తేడాను మరచిపోతున్నారు. తివాచీకి కావలసింది ప్రవాహం, సన్నని గొట్టంతో సందులు శుభ్రం చేయడానికి కావలసింది బలం.

కొత్తచేరిక | టపా 5

అందరికీ నమస్కారం. ఈ చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. నాకు ఇటీవలే 1950ల నాటిదని చెప్పిన ఒక నిలువు వాక్యూమ్ క్లీనర్ లభించింది. పైభాగం బేకలైట్ లాగానే ఉంది, కాంతి తగ్గి గోధుమ రంగులోకి మారింది. వైరు మీద నేత గుడ్డ ఉంది, వంచితే లోపల ఏదో పలుకులుగా విరుగుతున్నట్టు తెలుస్తోంది. దీనిని స్విచ్చు వేసి చూడవచ్చా? పైభాగాన్ని మెరిపించడానికి ఏమి వాడాలి? పెద్దలు దయచేసి చెప్పగలరు.

మరమ్మతుబల్ల | టపా 6

కొత్తచేరిక గారూ, మీరు అడిగి మంచి పని చేశారు. దయచేసి దానిని ప్లగ్గులో పెట్టకండి.

మీకు పలుకులుగా తగులుతున్నది వైరు లోపలి రబ్బరు. దశాబ్దాల వేడికీ గాలికీ రబ్బరు గట్టిపడి పొడిపొడిగా రాలిపోతుంది. పైన గుడ్డ చక్కగా కనిపిస్తున్నా లోపల రెండు తీగలూ ఒకదానికొకటి తగిలే స్థితిలో ఉండవచ్చు. ఆ కాలపు యంత్రాలలో చాలావాటికి ఎర్త్ తీగ ఉండదు, దేహమేమో లోహం. తీగ దేహానికి తగిలిన పక్షంలో పట్టుకున్న చేతికే షాకు కొడుతుంది. ముందు వైరును పూర్తిగా మార్చండి, స్విచ్చు దగ్గరి నుంచి మోటారు వరకు పిడి లోపల వెళ్లే తీగను కూడా వదలకుండా. తరువాత మెగ్గర్‌తో దేహానికీ తీగలకూ మధ్య ఇన్సులేషన్ నిలుస్తున్నదో లేదో పరీక్షించాలి. ఆ పరికరం లేకపోతే విద్యుత్ పని తెలిసినవారి చేత చేయించండి.

యంత్రం మీది పలకను చదివి అది ఎన్ని వోల్టులకు తయారైనదో చూడండి. అమెరికా యంత్రాలు సుమారు 110 నుంచి 120 వోల్టులకు ఉద్దేశించినవి. వాటిని 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మోటారు అదుపు లేని వేగంతో తిరిగి క్షణాలలో కాలిపోతుంది. సరిపడినంత సామర్థ్యం ఉన్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. యూనివర్సల్ మోటారు కావడం వల్ల 50, 60 హెర్ట్‌జ్ తేడాను మాత్రం పట్టించుకోనక్కరలేదు.

రేడియోలో గరగర రాకుండా కొన్ని యంత్రాలలో స్విచ్చు దగ్గర కాగితపు కెపాసిటర్ పెట్టేవారు. అది ఉంటే మార్చండి. పాతబడినవి లోపలే షార్ట్ అవుతాయి. పాత సంచిని ఇంట్లో దులపవద్దు, ఆరుబయట మాస్కు పెట్టుకొని దులపండి.

బేకలైటు | టపా 7

మెరుపు గురించి నేను చెబుతాను, ఎందుకంటే నా శ్రద్ధంతా పదార్థాల మీదే.

బేకలైట్‌ను లియో బేకలాండ్ 1907లో కనిపెట్టాడు. ఒకసారి వేడికి గట్టిపడిందంటే మళ్లీ కరగదు. మోటారు వేడి తగిలే చోట దానిని నమ్మకంగా వాడగలిగింది అందుకే. దాని బలహీనత పెళుసుదనం. గట్టి నేల మీద పడితే పగులుతుంది, పగిలిన ముక్కను కరిగించి అతికించే దారి లేదు. లోపల కలిపే పొడి సాధారణంగా చెక్క పొట్టు. పైపొర ఎండకు క్షీణించినప్పుడు ఆ పొట్టు బయటపడుతుంది. మీరు చూస్తున్న గోధుమ రంగు మురికి కాకపోవచ్చు, అది క్షీణించిన పొరే కావచ్చు. అందుకే నీళ్లలో నానబెట్టకండి, పొట్టు నీటిని పీల్చుకుంటుంది. కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత చాలా సన్నని పాలిష్ ముద్దను కనిపించని మూలలో ముందు ప్రయోగించి చూడండి. మెరుపు వస్తే తక్కిన భాగానికి వాడి, పైన మైనం పూయండి. రాకపోతే అక్కడితో ఆపండి. క్షీణించిన పొరను గీకి తీసేస్తే కింద మిగిలేది మరింత గరుకైన ఉపరితలమే.

లోహాల సంగతి వేరు. పాతమోటారు గారు మెచ్చిన మెగ్నీషియం మిశ్రలోహం తేలికైనదే కానీ తేమకు లొంగుతుంది. రంగు లేచిన చోట తెల్లని పొడి కనిపిస్తే అది తుప్పు. దానిని ఆపకపోతే గుంటలు పడతాయి. అల్యూమినియం ఇంత అల్లరి పెట్టదు. కానీ అల్యూమినియం దేహాలకు మరో ప్రమాదం ఉంది, అది సేకర్తల చేతి నుంచే వస్తుంది. అద్దంలా మెరవాలని యంత్రం పెట్టి పాలిష్ చేసేవారు అచ్చు గుర్తులను, పలక అంచులను, తయారీలో వదిలిన సన్నని గీతలను చెరిపేస్తున్నారు. కర్మాగారం నుంచి వచ్చినప్పుడు అది అంత మెరవలేదు. ఏ యంత్రం ఎంత మెరుపుతో బయటికి వచ్చిందో తెలుసుకోకుండా మెరిపించడం దాని చరిత్రను తుడిచేయడమే అని గట్టిగా చెబుతాను.

నికెల్‌పూత | టపా 8

బేకలైటు గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఒక్క చోట తప్ప. క్రోమియం పూత లేచిపోయి కింద ఇనుము తుప్పు పడుతున్న భాగాన్ని అలాగే ఉంచాలనడం భాగాన్ని పోగొట్టుకోవడంతో సమానం. అటువంటి చోట మళ్లీ పూత వేయించడం సంరక్షణలో భాగమే. వేయించిన సంగతిని రాసి ఉంచితే చాలు.

తివాచీ గారి విమర్శకు సమాధానంగా మరో యంత్రాన్ని ముందుకు తెస్తాను. 1950ల మధ్యలో హూవర్ సంస్థ తెచ్చిన కాన్‌స్టలేషన్ గుండ్రని గోళం. గొట్టం పైభాగంలో అమరి, చుట్టూ తిరుగుతుంది. గోళాన్ని గది మధ్యలో ఉంచి నలువైపులా శుభ్రం చేయవచ్చు. తరువాతి రూపాలలో మోటారు నుంచి బయటికి వచ్చే గాలిని కిందికి మళ్లించి, ఆ గాలి దిండు మీద యంత్రం నేలకు తగలకుండా తేలేలా చేశారు. వృథాగా పోయే గాలికి మరో పని అప్పగించిన ఆ ఆలోచనకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. వాక్యూమ్ క్లీనర్ రూపకల్పనలో ఇంత ధైర్యం మరెక్కడా కనిపించదు.

తివాచీ | టపా 9

ఆలోచన గొప్పదే. అయితే తేలడం అన్నది గట్టి నేల మీదనో, పొట్టి దారాల తివాచీ మీదనో జరుగుతుంది. ఒత్తైన తివాచీ మీద గాలి పక్కలకు చెదిరిపోతుంది, యంత్రం కూర్చుండిపోతుంది. గుమ్మం గడప దగ్గరా అంతే. చక్రాలున్న యంత్రం తడబడుతూనైనా దాటుతుంది. రూపం గురించి మీ గౌరవాన్ని పంచుకుంటూనే, వాడుకలో దానిని రెండో వరుసలో ఉంచుతాను.

సుడిగాలి | టపా 10

ఈ చర్చలో ఇంతవరకూ ఎవరూ ఎత్తని విషయం వడపోత. పాత యంత్రాల అభిమానులు దీని మీద మౌనంగా ఉండడం నాకు సరిగా తోచడం లేదు.

ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ 1901లో తన పీల్చే యంత్రాన్ని తయారు చేయకముందు, ఒక భోజనశాలలో కుర్చీ మీద చేతిరుమాలు పరచి నోటితో గట్టిగా పీల్చి చూశాడని ప్రసిద్ధి. రుమాలుకు అంటిన దుమ్మును చూసి తన ఊహ సరైనదని నిర్ధారించుకున్నాడు. అంటే పీల్చడం ఎంత ముఖ్యమో ఆపడమూ అంతే ముఖ్యమని మొదటి ప్రయోగంలోనే తేలింది. కానీ తరువాతి అరవై ఏళ్లలో చాలా నిలువు యంత్రాలు గుడ్డ సంచితోనే సరిపెట్టుకున్నాయి. ముతక దుమ్ము ఆగుతుంది, సన్నని దుమ్ము నేత రంధ్రాల గుండా గదిలోకే తిరిగి వస్తుంది. ఎండ పడే గదిలో పాత నిలువు యంత్రాన్ని నడిపితే సంచి చుట్టూ పొగలా లేచేది అదే.

దీనికి పరిష్కారాలు వెతికినవారు లేకపోలేదు. ఎయిర్-వే సంస్థ 1920లోనే పారవేయదగిన కాగితపు సంచిని తెచ్చింది. రెక్సెయిర్ యంత్రాలు గాలిని నీటి గుండా పంపి దుమ్మును తడిపి ఆపాయి. ఫిల్టర్ క్వీన్‌లో గాలి గిన్నె గోడల వెంట సుడులు తిరిగి ముతక దుమ్మును కిందికి విసురుతుంది, మిగిలిన దానిని మధ్యలోని శంకువు ఆకారపు వడపోత కాగితం ఆపుతుంది. ఈ సుడి సూత్రాన్ని జేమ్స్ డైసన్ మరింత ముందుకు తీసుకెళ్లి, 5,127 నమూనాలు చేసిన తరువాత సంచి లేని యంత్రాన్ని సాధించాడు. 1993లో ఇంగ్లండులో డీసీ01 వచ్చింది. ప్లాస్టిక్ అని మనం చిన్నచూపు చూసే ఆ యంత్రం ఇప్పటికే సేకర్తల వస్తువు. పారదర్శకమైన గిన్నెలో దుమ్ము తిరగడాన్ని వాడేవారికి చూపించడం రూపకల్పనలో పెద్ద నిర్ణయం. అంతకు ముందు యంత్రాలన్నీ దుమ్మును దాచేవి.

లోహం కాబట్టి గొప్పది, ప్లాస్టిక్ కాబట్టి తక్కువ అన్న కొలబద్దను వదలాలని నా విన్నపం.

పాతమోటారు | టపా 11

సుడిగాలి గారూ, మీ మాటలో న్యాయం ఉంది. గుడ్డ సంచి యంత్రాలను నేను ప్రదర్శనకు నడుపుతాను కానీ, ఉబ్బసం ఉన్నవారున్న గదిలో నడపను. తరువాతి కాలపు కాగితపు సంచులను లోపల అమర్చుకునే వీలు కొన్ని పాత యంత్రాలకు ఉంది. దేహాన్ని కోయకుండా అలా అమర్చగలిగితే అది ఆమోదయోగ్యమైన మార్పు.

ఈ సందర్భంలో రెండు యూరప్ యంత్రాలను కూడా తలచుకోవాలి. డెన్మార్క్‌లో 1910లో వచ్చిన నిల్‌ఫిస్క్ సీ1 బరువు 17.5 కిలోలు. అయినా ఒక్క మనిషి వాడగలిగిన యంత్రంగా అది ఆ రోజుల్లో అడుగు ముందుకే. బూత్ యంత్రమైతే గుర్రపు బండి మీద వీధిలో నిలబడి, కిటికీల గుండా గొట్టాలు లోపలికి పంపేది. ఇక జర్మనీలో ఫోర్‌వెర్క్ సంస్థ గ్రామఫోన్ మోటార్లు చేసేది. రేడియో రావడంతో గ్రామఫోన్ల గిరాకీ పడిపోయినప్పుడు ఆ మోటారునే ఆధారం చేసుకొని 1930లో కోబోల్డ్ యంత్రాన్ని తెచ్చింది. పిడి కర్ర, దాని కింద మోటారు, పక్కన వేలాడే సంచి తప్ప అందులో అదనంగా ఏమీ లేదు.

బేకలైటు | టపా 12

కోబోల్డ్‌ను గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు. ఆ సన్నని కర్ర రూపం నేటి తీగ లేని యంత్రాల దాకా కొనసాగుతూనే ఉంది. ఈ చర్చలో పేర్కొన్న రూపాలన్నిటిలో ఎక్కువ కాలం బతికినది అదేనేమో.

మరమ్మతుబల్ల | టపా 13

నాణ్యత ఎందుకు మారిందన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. పాతకాలపు ఇంజనీర్లు నిజాయితీపరులు, తరువాతివారు కారు అన్న వివరణ నాకు నచ్చదు. కారణం అమ్మకం పద్ధతిలో ఉంది.

కర్బీ, ఎలక్ట్రోలక్స్, ఫోర్‌వెర్క్ యంత్రాలను చాలా కాలం ఇంటింటికీ తిరిగే ప్రతినిధులు అమ్మారు. యంత్రం ఖరీదు ఎక్కువ, తరచుగా వాయిదాల మీద అమ్మేవారు. వాయిదాలు ముగియకముందే యంత్రం చెడిపోతే కొన్నవారు డబ్బు కట్టరు. అదే ప్రతినిధి మళ్లీ అదే వీధిలో బెల్టులూ బ్రష్‌లూ సంచులూ అమ్ముకోవాలి. కనుక యంత్రం ఎక్కువ కాలం నిలవాలి, విడిభాగాలు సులభంగా మారాలి. నిలకడ అక్కడ వ్యాపార అవసరం. కర్బీ 1935 నాటి మోడల్ సీ నుంచి ఒకే మూల ఆకృతిని పట్టుకొని, దశాబ్దాల పాటు చిన్న చిన్న సవరణలతో సాగడానికీ ఇదే కారణమని నేను భావిస్తాను. పోతపోసిన అల్యూమినియం దేహం, ముందు వైపు విడదీసి వేరే పనిముట్లు తగిలించుకోగల మూతి దానిలో స్థిరంగా నిలిచాయి. ఒక కాలపు యంత్రాన్ని బాగుచేయడం వచ్చినవారికి దాని తరువాతి రూపాలు కూడా చేతికి లొంగుతాయి.

దుకాణాల అరలలో పక్కపక్కనే పెట్టి ధర చూసి కొనే పద్ధతి బలపడ్డాక, యంత్రం లోపలి పనితనం కొనేవారి కంటికి కనిపించకుండా పోయింది. కంటికి కనిపించేది పెట్టె మీది వాట్ల సంఖ్య. ఆ సంఖ్య పెరుగుతూ పోయింది, శుభ్రత ఆ మేరకు పెరగలేదు. చివరికి ఐరోపా సమాఖ్య 2014లో 1600 వాట్లు, 2017లో 900 వాట్లు అని గరిష్ఠ పరిమితి విధించవలసి వచ్చింది. తివాచీ గారు చెప్పిన గాలి దారి బాగుంటే ఎక్కువ వాట్లు అక్కరలేదని పాత నిలువు యంత్రాలు ఎప్పుడో చూపించాయి. అవి కొన్ని వందల వాట్లతోనే ఒత్తైన తివాచీలను శుభ్రం చేశాయి.

సుడిగాలి గారు ప్లాస్టిక్ గురించి అన్నదానికి నా సాక్ష్యం కూడా చేర్చుకోండి. ఇంగ్లండులో 1981లో వచ్చిన హెన్రీ అనే వాక్యూమ్ క్లీనర్ దేహం ప్లాస్టిక్కే. అయినా దాని లోపలి అమరిక ఎంత సరళమంటే, మోటారు మార్చడానికి పెద్ద నైపుణ్యం అక్కరలేదు. నన్ను బాధపెట్టేది ప్లాస్టిక్ కాదు. మరల బదులు కొక్కేలతో బిగించి, ఒకసారి తెరిస్తే విరిగిపోయేలా చేసిన గూళ్లు నన్ను బాధపెడతాయి. పది కాలాలు నిలవగల మోటారు ఒక చిన్న కొక్కెం విరిగి చెత్తలోకి పోవడాన్ని నేను బల్ల మీద చూస్తూనే ఉన్నాను.

నికెల్‌పూత | టపా 14

అమ్మకం పద్ధతి గురించి మీరు రాసినది నన్ను ఆలోచింపజేసింది. గిల్డ్ గీసిన మెరుగు ముఖాలు కూడా ఆ ప్రతినిధి పెట్టె తెరిచిన క్షణంలో ఇంటివారి చూపును పట్టడానికే అన్నది కాదనలేను. అయితే ఆ మెరుగు వెనక నిలిచే యంత్రం ఉండబట్టే మనం ఇప్పుడు దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

కొత్తగా కొనేవారికి ఒక ఉపయోగకరమైన వివరం. యుద్ధ అవసరాల వల్ల అమెరికాలో 1942లో గృహ అవసరాల వాక్యూమ్ క్లీనర్ల తయారీని నిలిపివేశారు. 1943, 1944 నాటి అమెరికా యంత్రం అని ఎవరైనా చెబితే వరుస సంఖ్యను సరిచూడనిదే నమ్మకండి.

కొత్తచేరిక | టపా 15

అందరికీ కృతజ్ఞతలు. పలక మీద 230 వోల్టులని ఉంది. విద్యుత్ పని తెలిసినవారి చేత వైరంతా మార్పించాను, ఇన్సులేషన్ పరీక్షలో నిలిచింది. కాగితపు కెపాసిటర్‌ను తీసి కొత్తది పెట్టారు. బేకలైట్ మీద మూలలో పాలిష్ ప్రయోగిస్తే నల్లని మెరుపు వచ్చింది, మైనం పూశాను. ఇప్పుడు మోటారు నునుపుగానే తిరుగుతోంది కానీ బ్రష్ ఇరుసు తిరగడం లేదు. బెల్టు చేతికి జిగటగా తగులుతోంది. దానిని శుభ్రం చేస్తే సరిపోతుందా? బ్రష్ కుచ్చులు కూడా పొట్టిగా కనిపిస్తున్నాయి.

తివాచీ | టపా 16

జిగటగా మారిన బెల్టు పనికిరాదు, రబ్బరు చెడిపోయింది. మోటారు ఇరుసు మీద అంటిన జిగురును స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, పొడవూ వెడల్పూ సరిపోయే కొత్త బెల్టు వేయండి. బిగువు విషయంలో జాగ్రత్త అవసరం. మరీ బిగువైతే మోటారు బేరింగ్ ఒక వైపు అరుగుతుంది, మరీ వదులైతే తివాచీ మీద పెట్టగానే బ్రష్ ఆగిపోతుంది. యంత్రాన్ని వాడకుండా నెలల తరబడి ఉంచేటప్పుడు బెల్టును తీసి పక్కన పెడితే ఒకే ఆకారంలో సాగి నిలిచిపోదు.

కుచ్చుల పొడవు చూడడానికి మూతి కింద ఒక తిన్నని కడ్డీని అడ్డంగా ఆనించండి. బ్రష్‌ను చేత్తో తిప్పినప్పుడు కుచ్చులు కడ్డీని తాకాలి. తాకకపోతే ముందుగా ఇరుసు రెండు చివరలనూ చూడండి. చాలా యంత్రాలలో అరిగిన బ్రష్‌ను కిందికి దించడానికి అక్కడ రెండు మూడు గాడులు ఉంటాయి. మీ దానిలో చివరి గాడి ఇంకా మిగిలి ఉంటే కొత్త బ్రష్ కోసం వెతకవలసిన పని ఇప్పట్లో లేదు.

కొత్తచేరిక | టపా 17

గాడులు మూడు ఉన్నాయి, బ్రష్ మొదటి దానిలోనే ఉంది. రెండో గాడికి దించితే కుచ్చులు కడ్డీని తాకుతున్నాయి. బెల్టు కోసం కొలతలు తీసుకున్నాను.